మన ఫోటో

మలాయ్ దేశంలోని బంటింగ్ పామాయిలు మిల్లులో గేటు కావలివాడిని అక్కడి మాటలో జాగా అంటారు. అక్కడ ముప్ఫై ఒక్క ఏళ్లు జాగాగా నిలబడ్డ అచ్చయ్యను దాటి పాసు లేని ఈగ కూడా లోపలికి పోలేదు. ఒక దొంగ లారీ అయితే ఆయన చూపు తగిలి, డ్రైవరు తిప్పకుండానే వెనక్కి తిరిగి క్లాంగ్ దాకా పారిపోయిందట. ఇంకెవరూ చూడలేదు. ఆయన చూశాడు, చాలదూ?

రిటైరయ్యాక గేటు పోయింది కానీ కావలి పోలేదు. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరికి ఏ లింకు వచ్చినా, నొక్కే ముందు అచ్చయ్యకి చూపించాల్సిందే.

"బావా, బ్యాంకోడు పంపినాడు. నొక్కీమంటావా?" అంటూ పక్కింటి రెంగసామి ఫోను పట్టుకొచ్చేవాడు.

"ఆగెహె! లారీ తలుపు మీద ఏ పేరైనా రాసుకోవచ్చు లా. ఈ లింకే పాసు, దాని మీద ఎవుడి పేరుందో సూడాల. జంట గీతలు దాటినాక ఒంటి గీతొస్తాది, అక్కడ ఆగు. దానికి ముందర ఆనుకుని ఉన్నోడే అసలు వోనరు. ఇందులో బ్యాంకు పేరుందా? ఏటో పిచ్చి పేరుంది. ఎనక్కి పంపీ!" అనేవాడు అచ్చయ్య, ఆ దేశపు అలవాటుగా మాట చివర "లా" తగిలిస్తూ.

నిజానికి ఆయన కాపలా అంతా తన ఫోనులో ఉన్న దాలమ్మ గొంతుకే. భార్యకు చదువు రాదు, ఏం చెప్పాలన్నా మాట రికార్డు చేసి పంపేది. ఆమె పోయి రెండేళ్లు. నలభై ఒక్క ముక్కలు మిగిలాయి. "ఏటయ్యా, కరేపాకు మర్సిపోకు." "గేటు కాడ కునుకు తియ్యకు, పరువు పోద్ది." పొద్దున్నే టీ కన్నా ముందు రెండు ముక్కలు వినేవాడు. ఆ ఇంట్లో తెలుగు పలికే గొంతు ఇంకొకటి లేదు.

జార్జ్ టౌన్‌లో ఉద్యోగం చేసే మనవరాలు సుమితకు తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి రాదు. "ఒక్క ముక్క తెలుగులో రాయమ్మా" అని రోజూ ఈయన పోరు. "ఓకే లా తాతా" అనేది, రాసేది కాదు.

ఆ ఆదివారం సుమిత నంబరు నుంచి ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మాటలు వచ్చాయి. "మన ఫోటో." కింద ఒక లింకు.

మన! పిల్ల తెలుగు రాసింది! జంట గీతలు చూడలేదు, ఒంటి గీత చూడలేదు, పాసు అడగలేదు. నొక్కేశాడు. ఏదో ఎక్కించుకోమంది, సరేనన్నాడు. ఇంకేదో అడిగింది, దానికీ సరే.

గంట తిరగకముందే ఆయన ఫోను తనంతట తానే ఊరందరికీ ఆ లింకు పంచింది. తెర వేలికి లొంగడం మానేసింది. సుమిత రెంగసామి ఫోనుకు చేసి ఇంగ్లీషులో గోల పెట్టింది.

"తాతా, నా అకౌంట్ హ్యాక్ లా! నేను పంపలే. నొక్కినావా?"

"నువ్వు తెలుగు రాసినావని..."

"తెలుగు ఏటి తాతా? అది మలాయ్! మన అంటే ఎక్కడ. ఫోటో ఎక్కడ అని!"

పుట్టినప్పటి నుంచీ మలాయ్ మాట్లాడుతున్న మనిషికి ఆ మాట తెలియకనా? తెలుసు. కానీ మనవరాలి పేరు కింద చూసేసరికి గుర్తు రాలేదు.

ఫోను దుకాణం ఇళంగోవన్ గంటసేపు తంటాలు పడ్డాడు. తెర తెరుచుకోలేదు. మొత్తం తుడిచేయాలని తమిళంలో చెప్పి, బ్యాకప్ ఉందా అంకుల్ అని అడిగాడు.

"ఏటది?" అన్నాడు అచ్చయ్య.

ఇళంగోవన్ ఫోను తుడిచి చేతికిచ్చాడు, నలభై ఒక్క ముక్కలూ పోయాయి.

సాయంత్రం రెంగసామి తన ఫోనంతా వెతికి వచ్చాడు. "అక్క గొంతు నాకాడ కూడా ఉండింది బావా. పోయినేడు నానే సెరిపేసినాను, జాగా సాలక."

"అవునోయ్" అన్నాడు అచ్చయ్య. "జాగా సాల్లేదు."

వారం తర్వాత అచ్చయ్య ఫోనుకు సుమిత నంబరు నుంచి ఒక గొంతు ముక్క వచ్చింది, తొమ్మిది సెకన్లు. "తెలుగులోనే సెప్పిందంట బావా, నాకు ఫోను సేసి ఇనమంది" అన్నాడు రెంగసామి. అచ్చయ్య ఆ పేరును చాలాసేపు చూశాడు. నొక్కలేదు, లోపలికి వదల్లేదు. ఫోను బోర్లా పెట్టి, చల్లారిన టీ ముందు కూర్చున్నాడు.