మగవాళ్ళ వైపు నుంచి పెరిగిన పాట

మా యూనివర్సిటీ చాపెల్‌కు ఒక మిత్రుల సంఘం ఉండేది. చాపెల్ ఊడ్చడం, పూలు పెట్టడం, హాస్టల్ పిల్లలకు ఆదివారం టీ కాయడం, అన్నీ సభ్యులమే చేసుకునేవాళ్ళం. నేను కార్యదర్శిని. నోరు పెద్దది కాబట్టే నన్ను పెట్టారని మా ఆయన అనేవాడు. ఆయన మాత్రం చేరడు. నాచారం నుంచి స్కూటర్ మీద తెచ్చి నన్ను గేటు దగ్గర దింపి, అటునుంచి అటే ఇంటికి. మల్లాపూర్‌లో ఆరు రోజులు లేత్ మిషన్ ముందు నిలబడే మనిషికి ఒక్క ఆదివారమే సెలవు. "నాకు గవన్నెందుకే, నువ్వు పోయి రా" అనేవాడు. ఊరందరినీ చేర్పించి ఇంట్లో మనిషిని చేర్పించలేకపోయానని నాకు లోలోపల సిగ్గు.

పోచారం వైపు పెద్ద పెద్ద ఆఫీసులు లేస్తున్న రోజులవి. ఆ ఏడు చాపెల్ పైకప్పు కారుతోందని కోత పండుగ గట్టిగా చేద్దామనుకున్నాం. సభ్యులు ఇంట్లో పండిందీ పెరిగిందీ కానుకగా తెస్తే, వేలం వేసి చాపెల్‌కు వాడతాం. "నాలుగు నిమ్మకాయలు తెచ్చి చేతులు దులుపుకుంటే ఊకోను" అని మీటింగులో అందరినీ గద్దించాను. అన్నాక తప్పుతుందా? పిల్లప్పటి నుంచి సాకిన మా పుంజును పట్టుకెళ్ళాను. ఎప్పటిలాగే మా ఆయన మమ్మల్ని గేటు దగ్గర దింపి వెళ్ళిపోయాడు.

తీరా వేలంలో దాన్ని చూశాక నా మనసు ఆగలేదు. నా పుంజును నేనే పాడుకుందామని చెయ్యెత్తాను. ఆడవాళ్ళం ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు, నడుమ మేడిపల్లి నుంచి ఎవరో తెచ్చిన చెరకు కట్టలు అడ్డం. వేలం నడిపేది మా అధ్యక్షుడు, పెద్ద సారు. "మగోళ్ళ దిక్కు పెరిగింది!" అన్నాడు. నేను పెంచాను. మళ్ళీ అటు పెరిగింది. ఎవరీ మొండిఘటం అని నాకు ఒళ్ళు మండింది. సభ్యులు తప్ప ఎవరూ వేలం పాడకూడదని మా నియమం. అది రాసిందీ నేనే. లేచి అరిచాను.

"సారూ, గా పాడేటాయన సభ్యుడేనా? కాకపోతే కూసోమనుండ్రి!"

"సభ్యుడేనమ్మా. పొద్దుగాల్నే చేరిండు, నేనే రాసుకున్న. నీకు చెప్పొద్దన్నడు" అని సారు నవ్వాపుకోలేకపోయాడు.

చెరకు వెనక నుంచి మా ఆయన లేచాడు. అందరూ గొల్లుమన్నారు. "ఒక్కింటోళ్ళే ఒకల మీదొకలు పాడుకునుడు గిప్పుడే సూస్తున్న" అంది నా పక్కనున్న పెద్దమ్మ. కడుపు పట్టుకుని నేనూ నవ్వాను. ఇంకేం పెంచుతాను? పుంజు ఆయనకే దక్కింది.

దాన్ని చంకలో పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. పోయి నిలదీశాను. "ఇన్నేండ్లు బతిమాలినా రాకపోతివి, గీ పుంజు కోసం చేరినవా?"

"ఐతారమొస్తే నువ్వు ఇంట్ల ఉండవు. గిదన్న తోడుంటుండె. దీన్ని గూడ ఇచ్చేస్తివి. ఇగ ఒక్కన్నే ఇంట్ల ఏం జెయ్యాలె?"

చేరమని ఇన్నేళ్ళు ఆయన్ని పోరాను గానీ, ఆదివారాలు ఒక్కడివే ఏం చేస్తున్నావని ఒక్కనాడూ అడగలేదు. అందరూ చూస్తున్నా సరేననుకుని, చెయ్యి పట్టుకుని చాపెల్ లోపలికి తీసుకుపోయాను.