గేజీలో కనిపించని లీకు

మా మరిదికి గుండెలో ఒక కవాటం లీకవుతోందని రైల్వే ఆసుపత్రి డాక్టరు చెప్పిన రోజు, మా ఇంట్లో ఆ మాట పూర్తిగా అర్థమైంది నా ఒక్కదానికే. గొప్పకి చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే చెబుతున్నాను.

నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. పెళ్ళయి టాటానగర్ రైల్వే క్వార్టర్స్‌కి వచ్చాక, సోనారిలో ఉండే స్నేహితురాలు ఒకామె లైబ్రరీలో కార్డు ఇప్పించింది. అక్కడ తెలుగు పుస్తకాలు ఒక్క అల్మరా. అది అయిపోయాక హిందీ అల్మరాల మీద పడ్డాను. అలా చేతికొచ్చిందే నర్సింగ్ పిల్లలు చదువుకునే శరీర నిర్మాణం పుస్తకం. అట్ట ఊడిపోయి ఉంది. గుండె బొమ్మ దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. ఎడమ అని రాసిన గది నా కుడి చేతి వైపు ఉంది. అచ్చుతప్పనుకుని పెన్సిలు తీశాను కూడా. తరవాత పేజీ చదివితే తెలిసింది, ఎదురుగా నిలబడిన మనిషి గుండెని చూస్తున్నట్టు గీస్తారట. ఆ సంగతి ఎవరూ చెప్పకుండా నాకు నేనే తెలుసుకున్నందుకు ఆ సాయంత్రం ఆటోలో నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.

గుండె ఎవరిది వాళ్ళ పిడికిలంత ఉంటుంది. ఒక పంపు అనుకుంటాం గాని, నిజానికి పక్కపక్కనే అతుక్కున్న రెండు పంపులు. పైన రెండు పల్చటి గదులు, కర్ణికలు. కింద రెండు దళసరి గదులు, జఠరికలు. కుడి జఠరిక రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి పంపితే చాలు. ఎడమ జఠరిక నడినెత్తి నుంచి కాలి బొటనవేలు దాకా తోలాలి. అందుకే దాని గోడ మందం. గదుల మధ్యా, బయటికి పోయే నాళాల మొదట్లోనూ కవాటాలుంటాయి. వాటికి మీట లేదు, మోటారు లేదు. ముందుకి వెళ్ళే రక్తమే వాటిని తెరుస్తుంది, వెనక్కి రాబోయే రక్తమే వాటిని మూసేస్తుంది. డాక్టర్లు గొట్టం పెట్టి వినే లబ్ డబ్ ఆ తలుపులు మూసుకునే చప్పుడే.

ఇదంతా చదివిన చాలా ఏళ్ళకి అవసరం పడింది.

మా మరిది గూడ్స్ వ్యాగన్ల ఎయిర్ బ్రేకులు బాగుచేసే ఫిట్టరు. బలమైన మనిషి. ఆ ఏడాది వ్యాగన్ల మధ్య హోస్ పైపులు బిగిస్తుంటే ఆయాసం మొదలైంది. ఆసుపత్రిలో గుండెకి స్కానింగ్ తీసి, రక్తం ఎటు పోతోందో రంగు బొమ్మల్లో చూపించారు. ఎడమ కర్ణికకీ ఎడమ జఠరికకీ మధ్య తలుపుని పట్టి ఉంచే సన్నటి నరాల్లాంటి తాళ్ళలో ఒకటి తెగిందని, గుండె కొట్టుకున్న ప్రతిసారీ కొంత రక్తం వెనక్కి పోతోందని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు కండరం గట్టిగా ఉంది, ఇప్పుడే ఆపరేషన్ చేయిస్తే మళ్ళీ మామూలు మనిషవుతాడు. ఆలస్యమైతే కండరం సాగిపోతుంది, అప్పుడు తలుపు బాగుచేసినా ఆ బలం తిరిగి రాకపోవచ్చు. ఈ మాట మా తోటికోడలికి విడిగా కూడా చెప్పాడు.

ఆ సాయంత్రం అందరూ మా ఇంట్లోనే కూర్చున్నారు.

"లీకేటి లీకు!" అన్నాడు మరిది. "బీపీ చూసినారు కదా, బెమ్మాండంగా ఉంది. లీకుంటే ప్రెషర్ పడిపోవాల. సర్వీసంతా ఇదే పని సేత్తన్నాను, నాకు సెప్తారేటి?"

"పాపా, డాక్టర్ సాబ్ నే దిఖాయా భీ తో థా," అంది వాళ్ళమ్మాయి, డాక్టరు చూపించాడు కూడా కదా అని.

"నువ్వూరుకోయే. రంగు బొమ్మలు ఎవడైనా సూపిత్తాడు."

మా తోటికోడలు నా వైపు చూసింది. "అక్కా, నువ్వైనా సెప్పవే. ప్రెషర్ పడినప్పుడు సూద్దారి అంటన్నాడు."

అక్కడే ఉంది ప్రమాదం. మరొకడైతే భయపడి వద్దనేవాడు. మా మరిది ధైర్యంగా వద్దంటున్నాడు. ప్రెషర్ గేజీలో ముల్లు నిలబడి ఉంటే లీకు లేనట్టే అని అలవాటు పడిపోయిన మనిషి. ఆ ముల్లు పడేదాకా ఆగితే ఇంక చేసేదేమీ ఉండదు.

వాదించి లాభం లేదని నాకు తెలుసు. మర్నాడు లైబ్రరీకి వెళ్ళి ఆ పుస్తకం మళ్ళీ తెచ్చాను. పక్కనే లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంటే, దాన్ని అక్కడే నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఆదివారం పొద్దున్నే మాంసం కొట్టుకి వెళ్ళి, గాటు పెట్టకుండా మేక గుండె మొత్తంగా అడిగాను.

"భయ్యా, బక్రే కా దిల్ దేనా. సాబుత్. చీరా మత్ లగానా."

"ఏక్ దిల్ మే క్యా పకేగా, భాభీ?" ఒక్క గుండెతో ఏం వండుతానని అతని అనుమానం.

"పకానా నహీ హై. దేవర్ కో పఢానా హై." వండటానికి కాదు, మరిదికి పాఠం చెప్పడానికన్నాను.

అతను నన్ను కాసేపు చూసి, పైనున్న రక్తనాళం కూడా ఊడకుండా కోసిచ్చాడు.

పెరట్లో కుళాయి దగ్గర పళ్ళెం పెట్టి మరిదిని పిలిచాను. మా తోటికోడలు ముక్కు మూసుకుని గుమ్మంలోనే నిలబడింది. పైనున్న ఎడమ కర్ణికని కత్తెరతో తీసేసి, తలుపు కనిపించేలా చేశాను. తెల్లటి రెండు రెక్కలు. వాటి అంచుల నుంచి కింద కండరంలోకి దారాల్లా దిగిన తాళ్ళు.

"గొడుగు తాళ్ళలాగున్నాయి," అన్నాడు వంగి చూస్తూ. పని చేసే మనిషికి పనిముట్టు చూపిస్తే కోపం ఉండదు.

జఠరిక నిండా నీళ్ళు పోసి, బయటికి పోయే పెద్ద నాళాన్ని నా వేళ్ళతో నొక్కి పట్టుకున్నాను. "ఇప్పుడు నువ్వు పిసుకు."

పిసికాడు. రెక్కలు రెండూ ఉబ్బి పైకి లేచి, ఒకదానికొకటి ఆనుకున్నాయి. పైకి చెమ్మ తప్ప నీళ్ళు రాలేదు.

"అబ్బ! ప్యాకింగ్ లేకుండానే పట్టీసింది!"

అప్పుడు కత్తెర మొనతో రెండు తాళ్ళు తెంపాను. "మళ్ళీ పిసుకు."

రెక్క అంచు వెనక్కి తిరగబడింది. నీళ్ళు చివ్వున పైకి లేచి అతని చొక్కా మీద పడ్డాయి. గుమ్మంలోంచి మా తోటికోడలు "అమ్మో" అంది. మరిది చొక్కా వైపు చూసుకోలేదు. మళ్ళీ పిసికాడు. మళ్ళీ.

"సరే వదినా," అన్నాడు చివరికి. "ఇది మేక. మరి నా బీపీ బాగుంది కదా?"

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను.

"బాబూ, ఇంజను తగిలించి, కంప్రెసర్ ఆడతండగా గేజీ సూసి, పైపులో లీకు లేదని రాసేత్తావా నువ్వు?"

"అలగెలా రాత్తాను? సప్లై కట్టేసి కదా సూడాల. ఆడతండగా సూత్తే ఏటి తెలుత్తాది? లీకైనదంతా కంప్రెసరే నింపేత్తాది. ఎక్కువాడి, ఎక్కువాడి, అదే..." అని ఆగిపోయాడు.

చేతిలో ఉన్న మేక గుండెని పళ్ళెంలో పెట్టేశాడు.

నేను తొందరపడలేదు. కుళాయి కింద చేతులు కడుక్కుని మెల్లిగా చెప్పాను. "వెనక్కి పోయిందాన్ని కూడా కలిపి నీ గుండె ప్రతిసారీ ఎక్కువ తోలతంది. అందుకే ముల్లు నిలబడింది. సప్లై కట్టేసి సూద్దామంటే నీ గుండెని ఆపలేం కదా. అందుకే ఆ రంగు బొమ్మలు."

"కంప్రెసర్ అరిగిపోతాది అలగయితే," అన్నాడు. అది నాతో అన్న మాట కాదు.

"వ్యాగన్ ఇలగుంటే ఏటి సేత్తావు?"

"సిక్ లైన్‌కి పంపేత్తాను." వాళ్ళ యార్డులో మరమ్మతుకి వచ్చిన బళ్ళని నిలబెట్టే పట్టాలని అలాగే అంటారు. అనేసి తల దించుకుని నవ్వాడు. "బాగానే ఇరికించీసినావు."

కానీ ఒప్పుకోలేదు ఇంకా. పనివాడి అనుమానం ఒకటి మిగిలింది. "కుట్టీసినాక అది పట్టిందో లేదో ఎలాగ తెలుత్తాది? టెస్టింగ్ లేకుండా బండి వదల్తారేటి?"

ఇంగ్లీషు పుస్తకంలో నిఘంటువు పెట్టుకుని మరీ చదివిన పేరా అది. "ఛాతీ మూయకముందే జఠరికలోకి నీళ్ళు ఎక్కించి సూత్తారట. ఇప్పుడు మనం సూసినట్టే. కారితే మళ్ళీ కుడతారు."

ఆ వారమే నన్ను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కుట్టాక నీళ్ళు పోసి చూస్తారా అని కూర్చోకుండానే అడిగాడు. "సాబ్, రిపేర్ కే బాద్ పానీ డాల్ కే టెస్ట్ కర్తే హై నా?"

డాక్టరు కళ్ళజోడు తీసి, ఇది ఎవరు చెప్పారన్నట్టు చూస్తూ, "ఆప్‌కో కిస్‌నే బతాయా?" అన్నాడు.

"హమారీ భాభీ నే. లైబ్రరీ వాలీ." మా వదిన, లైబ్రరీ ఆవిడ అన్న ఆ రెండు మాటలూ నేనింకా మరిచిపోలేదు.

డాక్టరు అవునన్నాడు. ఆ తరవాత మంచి ప్రశ్నలు మరో నాలుగు మా మరిదే అడిగాడు. గుండె ఆపి కుడతామని, అంతసేపూ దాని పని యంత్రం చేస్తుందని డాక్టరు వివరంగా చెప్పాడు. మరిది వినేసి, "కబ్ కరేంగే, సాబ్?" అని ఆపరేషన్ ఎప్పుడో అడిగాడు. రైల్వే వాళ్ళే ఆపరేషన్‌కి కలకత్తా పెద్దాసుపత్రికి రాసిచ్చారు.

ఆపరేషన్ రోజున నేను ఇక్కడే ఉన్నాను. సాయంత్రం తోటికోడలు ఫోన్ చేసి, "అక్కా, బయటికి తెచ్చీసినారు, అంతా బాగుందట," అని ఏడ్చింది. అంత ఏడుపు మంచి కబురుకే వస్తుంది. రెండు రోజుల తరవాత ఫోన్ అతని చెవి దగ్గర పెట్టింది. గొంతు ఇంకా బొంగురుగా ఉంది.

"వదినా, నా గుండె ఆపీసినారు కదా కాసేపు."

"అవును బాబూ."

"అంతసేపూ నానెక్కడున్నానో నీ పుస్తకాల్లో రాసుందేటి?"

చదివినవన్నీ ఒకసారి గుర్తు చేసుకున్నాను.

"లేదు," అన్నాను.

"అలగయితే ఇంకా సదవాల నువ్వు," అన్నాడు.