వద్దన్నందుకు ఫీజు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, మిర్చి కోతలు ముగుస్తున్న వేసవి. గుంటూరు బ్రాడీపేటలో మందుల షాపు పైనున్న నా ఆఫీసుకు నాగేంద్రమ్మ అనే రైతు వచ్చింది. ఆమెకు సొంత భూమి లేదు. చిలకలూరిపేట దగ్గర ఎకరన్నర కౌలుకు తీసుకుని పదకొండేళ్లుగా మిర్చి వేస్తోంది. ఇప్పుడు ఆ చేనే కొనుక్కోబోతోంది. వారంలో రిజిస్ట్రేషన్. మిర్చి యార్డులో కాయలు అమ్మి నేరుగా వచ్చినట్టుంది, ఆమె కూర్చోగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి.

ముందుగా ఫీజు ఎంతని అడిగింది. భూమి కొనేవాళ్లలో చాలామందికి ఇక్కడే అయోమయం. స్టాంప్ డ్యూటీ ప్రభుత్వానికి పోతుంది, అందులో లాయరుకు పైసా రాదు. దస్తావేజు రాసినందుకు ఇచ్చేది వేరు. లీగల్ ఒపీనియన్, అంటే పాత కాగితాలన్నీ చూసి ఈ భూమి కొనవచ్చో లేదో రాసివ్వడం, దాని ఫీజు వేరు. అంతా ఓపిగ్గా విని ఆమె ఒక్క మాటలో తేల్చేసింది.

"అన్నీ కలిపి రిజిస్ట్రేషన్ అయినాక ఇస్తానండి. మధ్యవర్తికీ అప్పుడేగా ఇచ్చేది."

సరేనన్నాను. మా లాయర్లలో చాలామందిమి అలాగే చేసేవాళ్లం.

కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, అందులో తాకట్టులేమీ లేవు. పాస్‌బుక్ ఇద్దరు అన్నదమ్ముల్లో పెద్దాయన పేరు మీద ఉంది. ఆయన కాపురం హైదరాబాదులో కనుక ఊళ్లో ఉన్న తమ్ముడికి జీపీఏ రాసిచ్చాడు. నా బదులు నువ్వు సంతకం పెట్టు అని ఇచ్చే అధికారం అది. ఒపీనియన్ సగం రాసేశాను కూడా.

మర్నాడు దస్తావేజుకు ఫొటోలు ఇవ్వడానికి నాగేంద్రమ్మ మళ్లీ వచ్చింది. ఆ తమ్ముడు మనిషి ఎలాంటివాడని మాటవరసకు అడిగాను.

"బంగారం లాంటోడండి. అన్న పెద్దకర్మ ఊళ్లోనే చేశాడు, ఊరంతా భోజనాలకెళ్లాం. కారం నేనే ఆడించి పంపా."

"ఏ అన్న?"

"ఇంకే అన్నండి? పొలం ఆయనే. పోయినేడు పోయాడుగా."

కలం పక్కన పెట్టాను. నిజం చెప్పాలంటే, ముందు నాకు వచ్చింది చిరాకే. రిజిస్ట్రేషన్ లేకపోతే నా ఫీజూ లేదు. విననట్టు ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది అన్న ఆలోచన కూడా వచ్చి పోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రాసిచ్చిన మనిషి పోతే ఈ జీపీఏ చెల్లదని, భూమి ఇప్పుడు ఆయన భార్యాపిల్లలదని, వాళ్ల సంతకాలు లేకుండా కొంటే రేపు కోర్టుకెక్కి చేను తీసుకుంటారని చెప్పాను. ఆమె ముఖం మాడిపోయింది.

"నేను చెప్పిన మాటే తిప్పి నాకు చెప్పి కొనొద్దంటారేందండి? పదకొండేళ్లు దున్నిన చేనండీ అది!"

కాగితాలు సంచిలో కుక్కుకుని వెళ్లిపోయింది. ఫీజు ఊసు లేదు, నేనూ ఎత్తలేదు.

తమ్ముడిది మోసం కాదు. అన్న కాగితం ఎప్పటికీ చెల్లుతుందనే అనుకున్నాడట. దసరా అయ్యాక నాగేంద్రమ్మ ఆ చనిపోయినాయన భార్యనీ కొడుకునీ వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లు ధర పెంచారు. ఈమె దగ్గరున్న డబ్బుకి ఎకరమే వచ్చింది. దస్తావేజు రాశాను, రిజిస్ట్రేషన్ అయింది.

"అరెకరం మీ వల్లే పోయిందండి" అంది. కోపం ఇంకా చల్లారలేదు. అయినా బల్ల మీద డబ్బు రెండు కట్టలుగా పెట్టింది. ఒకటి ఇప్పటి పనికి. రెండోది దేనికని అడిగాను.

"అప్పుడు వొద్దన్నారుగా, దానికి."

"రిజిస్ట్రేషన్ అయితేనే ఇస్తానన్నారుగా?"

"మధ్యవర్తయితే వొద్దని చెప్పేవాడు కాదుగదండీ."

అప్పటినుంచి ఒపీనియన్ ఫీజు మొదటిరోజే తీసుకుంటున్నాను. కాగితాలతో పాటు ఊరి కబుర్లూ అడుగుతున్నాను. కొనొద్దని రాసినా ఇంతే ఇవ్వాలా అని కొందరు బేరానికి దిగుతారు.

"ఇంతే. కొనొద్దని రాయడానికి నా చెయ్యి ఆగకూడదనే ముందు తీసుకుంటున్నా" అంటాను.