పంబ మోగినంతసేపు

మా చెల్లెలు పోయినప్పుడు అమ్మ ఏడవలేదు. పుంగనూరు ఆసుపత్రి నుంచి బిడ్డను ఇంటికి తెచ్చిన రోజు, ఊళ్ళో ఆడవాళ్ళంతా చేరి గుండెలు బాదుకుంటుంటే, ఆమె ఆవుకు కుడితి పెట్టి వచ్చి ఒక మూలన కూర్చుంది. తొంభైలు అప్పుడప్పుడే మొదలైన కాలం. నేను హైస్కూల్లో ఉన్నాను. చెల్లెలు ఇంకా పలక పట్టుకుని బడికి పోయే పిల్ల. కామెర్లని కొందరు, విషజ్వరమని కొందరు అన్నారు. ఏదైతేనేం, పోయింది.

ఆ తర్వాత అమ్మ నాతో మాటలు తగ్గించేసింది. అన్నం పెట్టేది, జడ వేసేది, అంతే. జడ వేస్తున్నంతసేపూ గోడకేసి చూసేది. ఇంట్లో బతికున్నదాన్ని నేనొకదాన్ని ఉన్నానే అని నాకు ఒళ్ళు మండిపోయేది. బడి నుంచి వచ్చి సంచి విసిరి కొట్టేదాన్ని. దానికీ ఏమీ అనేది కాదు. తిట్టినా బాగుండేదనిపించేది.

మరుసటి ఏడు ఊళ్ళో గంగమ్మ జాతరకు పంబ మోగింది. ఒకదాని మీద ఒకటి జంటగా కట్టిన చిన్న డోళ్ళవి. నడుముకు తగిలించుకుని ఒక పక్క పుల్లతో, ఇంకో పక్క చేత్తో కొడతారు. మా ఊరికి పక్క పల్లె నుంచి ఒక ముసలాయన వచ్చి కొట్టేవాడు. అమ్మవారి కథ పాడుతూ నిదానంగా మొదలుపెట్టి, ఎప్పుడు వేగం అందుకున్నాడో తెలియకుండా అందుకునేవాడు. ఆ రోజు వేపమండలు పట్టుకున్న ఆడవాళ్ళ మధ్యలో నిలబడి ఉన్న అమ్మ ఉన్నట్టుండి ఊగిపోయింది. ముడి విడిపోయింది. నోట్లోంచి వచ్చిన గొంతు ఆమెది కాదు.

"బిడ్డ నా కాడే ఉండాది. ఆడుకుంటాండాది. యాల కుములుతారు?" అంది.

పసుపునీళ్ళు పోసి, అరుగు మీద కూర్చోబెట్టాక అమ్మ నన్ను పిలిచింది.

"నా నోట అమ్మ ఏం పలికింది పాపా?"

అమ్మవారు పూనినవాళ్ళకు తాము పలికిందీ తెలియదు, ఎదుటివాళ్ళు అడిగిందీ తెలియదు. పక్కనున్నవాళ్ళే చెప్పాలి. తెలిసిందీ అంటే అది పూనకమే కాదు, వేషం అంటారు మా వైపు. అలా వేషం వేసిందని పేరు పడ్డ ఆమెను మళ్ళీ ఎవరూ నమ్మరు. నేను విన్నది విన్నట్టు చెప్పాను. అప్పుడు ఏడ్చింది అమ్మ. ఏడాది ఏడుపంతా ఆ అరుగు మీదే ఏడ్చింది. నన్ను పట్టుకుని కాదు, స్తంభాన్ని పట్టుకుని.

అప్పటి నుంచి ఆమెకు ఏడాది అంటే జాతర నుంచి జాతర దాకా. పంబ మోగేది, అమ్మవారు వచ్చేది, బిడ్డ బాగుందని నా ద్వారా తెలుసుకునేది, మళ్ళీ ఏడాది బతికేది.

నేను మదనపల్లెలో డిగ్రీ చదివి, అక్కడే ఒక ప్రైవేటు బళ్ళో టీచరుగా చేరిన రోజుల్లో పంబ ముసలాయన కాలం చేశాడు. కొడుకులు బెంగళూరికి పనికి పోయారు. పంబ ముట్టేవాడు లేడు. ఊరి పెద్దలు బ్యాండ్ సెట్టు పిలిచారు. ఎర్రకోట్లు వేసుకున్న కుర్రాళ్ళు సినిమా పాటలు వాయిస్తుంటే పిల్లలు ఎగిరారు, పెద్దలు తలలూపారు. అమ్మ వేపమండ పట్టుకుని ఎండలో నిలబడింది. బ్యాండ్ అయిపోయింది. అమ్మ ఇంకా నిలబడే ఉంది. నాన్న వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

తర్వాతి ఏడూ అంతే. "గంగమ్మకు నా మీద కోపమొచ్చినట్టుండాది" అని అమ్మ అన్నం మానేసింది. ఆమె చిక్కిపోతుంటే నాకు భయమేసింది. సరైన వాయిద్యం వినిపిస్తే చాలు కదా, తెస్తాను అనుకున్నాను. చదువుకున్నదాన్ని, ఊరికే ఉంటానా! మదనపల్లె బస్టాండు దగ్గర క్యాసెట్ల కొట్టుకు పోయాను.

"గంగమ్మ పాటలా మేడమ్? మస్తుగా వచ్చిండాయి, సూడండి" అని కొట్టతను గల్లా మీద పరిచాడు. నాలుగు కొన్నాను. ఇంటికి తెచ్చి టేప్‌రికార్డరులో పెడితే కీబోర్డు, కోరస్సు, మధ్యలో ఉరుము చప్పుడు. అమ్మ మర్యాదగా చివరిదాకా వినింది.

"బాగుండాది. అయితే ఇది కూసోని వినేది పాపా" అంది.

ఆ మాటకు నాకు కోపమొచ్చింది గానీ, నిజమే. ఆ పాట విని లేచి టీ పెట్టుకోవచ్చు. పంబ వింటే మనిషి తన కాళ్ళ మీద తాను నిలబడలేడు.

పుంగనూరులో పంబ కొట్టేవాళ్ళున్నారని ఎవరో చెబితే అమ్మను వెంటబెట్టుకుని పోయాను. దొరికినాయన పెళ్ళి ఊరేగింపులో వాయిస్తున్నాడు. పంబ పంబే, దరువు మాత్రం హుషారు దరువు. అమ్మ రోడ్డు పక్కన కాసేపు నిలబడి, "పెండ్లిదిది. పాపం, వాళ్ళ శుభకార్యంలో మనమెందుకు" అని వెనక్కి తిరిగింది. బస్సెక్కాక, ఇక ఎక్కడా వెతకొద్దంది.

నేను మానలేదు. రెండువేల సంవత్సరం దాటాక ఒకసారి బడి పని మీద కుప్పం పోయి వస్తుంటే, ఆ పక్కనే ఒక పల్లె దగ్గర బస్సు ఆగింది. కిటికీలోంచి ఆ చప్పుడు వినబడింది. అదే నిదానం, అదే పాట పద్ధతి. దిగిపోయి అడిగాను. అది జాతర చాటింపట, ఇంకో వారంలో అక్కడ గంగమ్మ జాతరట, పంబ లేకుండా వాళ్ళు అమ్మవారిని కదపనే కదపరట.

అమ్మను బతిమాలి, పలమనేరు మీదుగా బస్సులు మారి తీసుకుపోయాను. పంబ పాట సగం తెలుగు, సగం అరవం. "ఈడి అమ్మకు మన మాట తెలస్తుందంటావా?" అని అమ్మ దిగులుగా అడిగింది. "బిడ్డ మాట ఏ భాషలో అడిగితే ఏమిమా!" అన్నాను. చాలాకాలం తర్వాత నవ్వింది.

మధ్యాహ్నం. ఎండ మండిపోతోంది. పంబ మొదలైంది. నేను అమ్మనే చూస్తున్నాను, ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని. ఆమె కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. దరువు వేగమైంది. అమ్మ కదల్లేదు. కదిలింది నా ఒళ్ళు.

నాకిలాంటివాటి మీద నమ్మకం అంతంత మాత్రమే. ఎండ దెబ్బేమో అనుకున్నాను. అనుకునేలోపే భుజాలు నా మాట వినడం మానేశాయి. జుట్టు విడిపోయింది, ఎవరో నా చేతుల్లో వేపమండ పెట్టారు. కళ్ళు తెరిచేసరికి అమ్మ నా కాళ్ళ దగ్గర ఉంది. నన్ను చూస్తోంది గానీ, నన్ను కాదు.

"తల్లీ, నా చిన్నబిడ్డ యాడుండాది? బాగుండాదా?"

"నా ఒళ్ళోనే ఉండాది" అని నా నోరు పలికింది. నేను పలికానా, ఇంకెవరైనా పలికారా, ఈ రోజుకీ చెప్పలేను. నా చెవులకు మాత్రం అంతా వినబడుతోంది.

అమ్మ లేవలేదు. నా పాదాలు గట్టిగా పట్టుకుంది.

"పెద్దది ఒకటుండాది తల్లీ. చిన్నది పోయినాక దాని మొగం సూడాలంటే బయమయ్యేది నాకు. దగ్గిరికి తీసుకుంటే ఇదీ పోతాదేమోనని తీసుకోలేదు. అది నాకు దూరమైపోయినాది. పాపం, దానికేం తెలీదు. నేను సూసుకోలేకపోతిని, దాన్ని నువ్వు సల్లగా సూడు."

వంగి ఆమెను లేపి వాటేసుకోవాలని నా ప్రాణం కొట్టుకుంది. అమ్మా, విన్నాను అనాలనిపించింది. అనేలోపే పంబ ఆగింది. ఎవరో నా తలమీద పసుపునీళ్ళు గుమ్మరించారు.

చెట్టు కింద కూర్చోబెట్టి అమ్మ నా తల తుడిచింది. తుడుస్తూ భయంభయంగా అడిగింది.

"నీకేమన్నా గుర్తుండాదా పాపా?"

ఉంది అంటే ఏమవుతుందో నాకు తెలుసు. అమ్మ ఇన్నేళ్ళకు విన్న ఆ ఒక్క మాటా నా వేషమైపోతుంది.

"ఏమీ లేదుమా" అన్నాను. "ఏం పలికింది?"

ఆమె ముఖం వెలిగిపోయింది. చెల్లెలు అమ్మవారి ఒళ్ళో ఉందట, బాగుందట. రెండుసార్లు చెప్పింది.

"ఇంకేం అడిగినావు?"

"ఇంకేముండాది అడిగేదానికి!" అంది. అని, తల తుడవడం ఆపి నీళ్ళ చెంబు అందించింది.

తిరుగు ప్రయాణంలో అమ్మ నా భుజం మీద తల పెట్టుకుని హాయిగా నిద్రపోయింది. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆ తర్వాత మదనపల్లె నుంచి ఇంటికి వచ్చిన ప్రతిసారీ చెప్పేద్దామనుకునేదాన్ని. నువ్వన్నదంతా విన్నానుమా, నాకు నీ మీద కోపం లేదు అని. గడప దాటి ఆమె ఎదురుగా నిలబడగానే మాట మింగేసేదాన్ని. చెబితే చెల్లెలు ఆమెకు రెండోసారి పోతుంది.

కొన్నేళ్ళకు అమ్మ పోయింది. చివరి రోజుల్లో నేనే దగ్గరున్నాను. చెప్పలేదు.