అగ్నిపర్వతం సినిమాకు వదినతో

టీవీలో అగ్నిపర్వతం పేలే సినిమా ఏదొచ్చినా నేను వంట ఆపి కూర్చుంటాను. ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ. పక్కన మా వదిన లేదన్నదే నా లోటు.

అప్పట్లో ఇద్దరం మిర్యాలగూడలో రైస్ మిల్లుకు కూలికి పోయేవాళ్లం. బాయిలర్‌లో కాలిన ఊక బూడిదను మిల్లు వెనక కుప్ప పోస్తారు. పైకి చల్లగానే ఉంటుంది, లోపల నిప్పు రోజుల తరబడి ఆరదు. వదిన ఒకసారి తెలిసీ అడ్డదారిన దాటబోయి మోకాలి దాకా దిగబడింది. పుండ్లు మానినా ఇక మిల్లుకు రానని మూల కూర్చుంది.

నాకప్పుడు అక్షరాలు రావు. పోస్టర్ మీద కొండ చూసి దేవుడి సినిమా అనుకుని ఆమెను మ్యాట్నీకి లాక్కెళ్లాను. తీరా చూస్తే ఇంగ్లీషు సినిమా. కొండ పేలి ఊరంతా బూడిద పడింది. ఒక తెల్లదొర కారు దిగి ఆ బూడిదలో కాలు పెట్టబోయాడు.

వదిన లేచి అరిచింది. "వద్దు నాయనా! కింద నిప్పుంటది!"

హాలంతా గొల్లున నవ్వింది. వెనక నుంచి ఒకాయన, "ఏమ్మా, గాయనకు తెలుగొస్తదా?" అన్నాడు.

"నీకొస్తది గద, నువ్వన్న ఇను!"

అంతలో దొర బూటు పొగలు కక్కింది. నవ్వులు ఆగాయి. తర్వాత వెనక వరుసంతా ఆమెనే అడిగింది, "ఇప్పుడెటు పోవాల్నమ్మా?" అని. సినిమా అయ్యేదాకా వదిన చెయ్యి ఊపుతూ దారి చెప్పింది.

తెల్లారి నేను పనికి పోయేసరికి వదిన మిల్లు గేటు దగ్గర ఉంది.

"ఏందే, గింత పొద్దెక్కినంక వస్తవా?" అని నన్నే గదమాయించింది.