దొరగారి కోల్డ్

కోల్డ్ అనకుండా మా దొరకు పూట గడిచేది కాదు. ఇంజనీరింగు స్కూల్లో ఆ మాటకు నేను నేర్చుకున్న అర్థం చల్లన అన్నది ఒక్కటే. అనంతగిరి రోడ్డు పనిలో ఓవర్సీరుగా చేరిన చలికాలంలో మిగతావి తెలిశాయి. బయటి మంచు కోల్డ్. ముక్కు కారితే అదీ కోల్డ్. రాత్రి మిగిలిన మాంసం పొద్దున పింగాణీ పళ్లెంలోకి వస్తే కోల్డ్. ఇనుమును కాల్చకుండానే నరికే ఉలికీ అదే పేరు. తనతో ముభావంగా ఉన్న మనిషినీ ఆ మాటే అనేవాడు.

రోడ్డు పని చేసే కొండవాళ్లు కుటుంబాలతో పక్కనే ఆకుపాకల్లో ఉండేవారు. పుష్యమాసంలో ఒక పాకలో ఆడపిల్ల పుట్టింది. బొడ్డు ఊడేదాకా పురిటి నిప్పు ఆరకూడదు, చోటు మారకూడదు. అది వాళ్ల కట్టుబాటు. ఆ గాలిలో తల్లీబిడ్డలకు వేరే వెచ్చదనమూ లేదు.

పాక వెనకే బండలు పేల్చే మందు కొట్టు. తనిఖీకి వచ్చిన దొర పొగ చూసి, నిప్పు ఆర్పెయ్యమన్నాడు. ఆ భయం సబబైనదే. బిడ్డ తండ్రి నా దగ్గరకు వచ్చాడు.

"నిప్పు జరపకూడదు బాబూ. మందే జరిపేద్దుము. మేం మోసేత్తాం, బేగి అయిపోద్ది."

వెనక నిలబడ్డ అతని తల్లి ఊరుకోలేదు. "ముందు మీ దొర బంగళాలో పొయ్యి ఆర్పుకోమను బాబూ. ఆయనేటి, బాలింతా?"

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

బంగళాలో దొర నిప్పుగూడు ముందు కూర్చుని తుమ్ముతున్నాడు. కొట్టు ఎక్కడికి మార్చవచ్చో, ఎంతమంది కావాలో కాగితం మీద గీసి చూపించాను. దానివైపు చూడలేదు.

"కొట్టు నా ప్లాను ప్రకారం కట్టింది. పొద్దుగూకేలోగా నిప్పు ఆరాలి. ఆ తలుపు వేసి వెళ్లు, కోల్డ్."

బంట్రోతు వెళ్లి నిప్పు మీద బిందెడు నీళ్లు కుమ్మరించాడు. నిప్పు ఆరిన పాకలో బాలింతను ఉంచరట. సాయంత్రమే ముసలమ్మ బిడ్డను గుండెకు కట్టుకుంది. బాలింత భర్త భుజం పట్టుకుని లేచింది. ఈదురుగాలిలో తమ ఊరివైపు కొండ ఎక్కారు.

కొన్నాళ్లకు తండ్రి ఒక్కడే పనిలోకి వచ్చాడు. పిల్ల ఎలా ఉందని అడిగాను.

"మా గుంట దారిలోనే సల్లబడిపోనాది బాబూ" అని, ఉలి బండకు ఆనించి సుత్తి ఎత్తాడు.

ఆ నెలలోనే మందుకు చెమ్మ తగులుతోందని దొర కొట్టు మార్పించాడు. నేను గీసి చూపించిన చోటికే. పెట్టెలు మోసినవాళ్లలో ఆ తండ్రి కూడా ఉన్నాడు. అతనన్నట్టే పని బేగి అయిపోయింది.