గుర్రాల కొట్టంలో సబ్బులు

మొన్న ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు పిలిస్తే వెళ్ళాను. ఆవరణ నడుమ కొత్తగా అద్దాల మేడ కట్టారు. పిల్లలు తమకు తోచిన వస్తువు తామే తయారుచేసి, తామే అమ్ముకోవడం నేర్చుకునే చోటట అది. వరుసగా బల్లలు, బల్లల వెనక పిల్లలు. ఒక అమ్మాయి నా అరచేతిలో సబ్బుబిళ్ళ పెట్టి, "వాసన చూడు అమ్మమ్మా, ఇప్పపువ్వు!" అంది. ముక్కు దగ్గర పెట్టుకున్నానో లేదో, బిళ్ళ జారి కింద పడింది. నా కళ్ళు గుమ్మం వైపు పరుగెత్తాయి. అక్కడ జీపు ఆగి ఉంటుందనీ, ఖాకీ బట్టలవాళ్ళు దిగుతుంటారనీ ఒక్క క్షణం నిజంగా నమ్మాను. ఎనభై దాటిన ముసలమ్మ సబ్బు వాసనకు దడుచుకుందని ఆ పిల్ల నవ్వింది. నవ్వనీ. వసుంధర మేడమ్‌ను ఎరగనివాళ్ళు నవ్వుతారు.

మాది బెల్లంపల్లి. బాపు బొగ్గుగనిలో పని చేసేవాడు. అరవైల మొదట్లో నేను కరీంనగర్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉండి డిగ్రీ చదివాను. క్లాసులో ఆడపిల్లలం ముగ్గురమే. ఒక మూల బెంచీ మీద, ఎవరి కంటా పడకుండా కూర్చునేవాళ్ళం. అలాంటి కాలేజీకి కెమిస్ట్రీ చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒక ఆడ లెక్చరర్ వస్తుందంటేనే ఊరు నోరు తెరిచింది. మేడమ్‌కు ముప్పై ఏళ్ళుంటాయేమో. ఏది చేతికి వచ్చినా ముందు వాసన చూసే అలవాటు ఆమెకు. సుద్దముక్క, కొత్త పుస్తకం, మా సద్దిగిన్నె మూత, దేన్నీ వదిలేవారు కాదు. ఆ ముక్కే ఒకనాడు ఆమెను మోసం చేస్తుందని మాకేం తెలుసు?

మొదటి రోజు హాజరు కూడా పిలవలేదు. బల్లకు ఆనుకుని నిలబడి అడిగారు: "గీ చదువైనంక మీరంత ఏం జేస్తరు?"

"నౌకరీ, మేడమ్," అన్నాం అందరం, ప్రార్థన చదివినట్టు.

"అందరికి నౌకరీ ఇచ్చేటోడు ఎవడు? వాని పేరు చెప్పుండ్రి, నేను సుత పోయి కలుస్త."

చదువుకున్నవాళ్ళకు ఉద్యోగం రాదేమోనన్న మాట అంతవరకూ ఎవరూ మా ముందు అనలేదు. అదీ ఒక లెక్చరర్ నోటి వెంట! ఆమె మమ్మల్ని అలాగే కాసేపు ఉడకనిచ్చి, "జర సోంచాయించి చెప్పుండ్రి. మీ మీ ఊర్ల ఏం దొరుకుతది? ఏం దొర్కదు?" అన్నారు.

ఏం ధైర్యం వచ్చిందో నాకు. లేచి నిలబడి, "మా బాపు ఒంటి మీది బొగ్గు పోయే సబ్బు దొర్కదు, మేడమ్," అన్నాను. క్లాసు గొల్లుమంది. నేను చెమటతో తడిసి కూర్చున్నాను. మేడమ్ నవ్వలేదు. నా పేరు అడిగి, వెనక్కి తిరిగి నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో 'రాజేశ్వరి వాళ్ళ బాపు సబ్బు' అని రాశారు. మా బాపు మాట కాలేజీ బల్ల మీద రాయడం! సిగ్గో గర్వమో తెలియక నాకు ఏడుపు వచ్చింది.

వెనక బెంచీలోంచి ఉట్నూరు వైపు గోండు పిల్లవాడు భీంరావ్ చెయ్యెత్తాడు. ఇంటి దగ్గర మరాఠీ బడి చదివినవాడు, మేడమ్‌ను 'బాయీ' అనేవాడు. "మా తాన ఇప్ప గింజలు కుప్పలు కుప్పలుంటయి, బాయీ. నూనె తీస్తరు. నూనెతోని సబ్బైతదా?"

"ఐతది. ఎందుకు కాదు?" అన్నారామె. అంతే, మా సబ్బు పుట్టింది.

సబ్బు వండటానికి జాగా కావాలి కదా. కాలేజీ వెనక పాత గుర్రాల కొట్టం ఒకటి ఉండేది. జాగీర్ల కాలంలో ఎవరో కట్టించింది. దాని కోసం మేడమ్ ప్రిన్సిపాల్ గారి చుట్టూ తిరిగారు. ఆయన ఉర్దూ చదువుల కాలం మనిషి, ఎండాకాలం కూడా షేర్వానీ విప్పని పెద్దమనిషి. "ఇది ఇల్మ్ నేర్చే జాగ అమ్మా, సౌదా అమ్మే జాగ గాదు," అన్నారు, చెవులు మూసుకున్నంత పని చేసి. "నేర్చింది పనికొస్తదో లేదో బజార్ల చూసుకోవద్దా సార్?" అన్నారు మేడమ్. ఆయన విసిగిపోయి చివరికి, "గుర్రాలు పోయినంక అండ్ల ఎలుకలే ఉన్నయి. మీరు సుత ఉండుండ్రి," అని ఒప్పుకున్నారు.

ఇప్పనూనె కాచి, కాస్టిక్ సోడా కలిపి, కర్రలతో గిరగిర తిప్పి మొదటిసారి బిళ్ళలు కోశాం. రంగు పాత గోడ రంగు. అయినా మాకు బంగారం ముద్దలే. ఒకటి బెల్లంపల్లి పట్టుకుపోయాను. బాపు షిఫ్టు దిగి వచ్చి దానితో స్నానం చేశాడు. అవ్వ, అదే మా అమ్మ, పక్కనే నిలబడి పరిశీలనగా చూసి తీర్పు చెప్పింది: "బొగ్గు వోయింది బిడ్డా. మీ బాపు పెండ్లినాటి లెక్కైండు. గని గీ వాసనకు కోళ్ళు సుత దగ్గరికొస్తలేవు." బాపు ఎప్పుడూ ఏమీ అనడు. కాని మర్నాడు ఆ సబ్బు ముట్టుకోలేదు.

ఇప్పనూనె కంపు పోవాలి, సువాసన కావాలి. అత్తర్లు కొంటే సబ్బు ఎవరూ కొనలేరు. కొత్త విద్యాసంవత్సరానికి కాలేజీ తెరిచిన రోజుల్లో భీంరావే ఉపాయం చెప్పాడు. "మా అవ్వ ఇప్పపువ్వు ఉడకపెడ్తె ఊరంత తియ్యటి వాసన, బాయీ. గా వాసన పట్టి సబ్బుల కలుపుదమా?" వాళ్ళ ఇంట్లో ఇప్పపువ్వు తిండి, పండుగ. మేడమ్‌కు ఆ చెట్టు శాస్త్రీయనామం వచ్చు, అంతకుమించి తెలియదు. గంతేసినంత పని చేశారు. వాడు ఎండిన పువ్వు గోనెసంచిలో బస్సు మీద వేసుకొచ్చాడు. కొట్టంలో గంగాళాల నిండా నీళ్ళు పోసి నానబెట్టాం. ఇంతలో పీర్ల పండుగ వచ్చింది. మా వైపు పీర్ల పండుగంటే అందరి పండుగ. సెలవులిచ్చారు, కొట్టం తలుపు దగ్గరేసి ఎవరి ఊళ్ళకు వాళ్ళం పోయాం.

తిరిగొచ్చి చూస్తే గంగాళాలు తెల్లటి నురుగు కక్కుతున్నాయి. మేడమ్ వంగి వాసన చూశారు. "జర పుల్లగుంది. ఏం ఫికర్ లేదు, నానినకొద్ది వాసన మంచిగ దిగుతది," అన్నారు. పులియడం అంటే ఏమిటో, పులిసిన తీపిలోంచి ఏం పుడుతుందో నల్లబల్ల నిండా రాసి మాకు చెప్పిన మనిషే ఆమె! తలచుకుంటే ఇప్పటికీ నమ్మలేను. నేర్చుకున్న మేమూ అక్కడే ఉన్నాం, గుడ్లప్పగించి. ఆ పువ్వు నీళ్ళు కుండలో పోసి కింద మంట పెట్టాం, లేబొరేటరీ గాజుగొట్టం తగిలించాం, కొసన సీసా పెట్టాం. పక్క పొయ్యి మీద సబ్బు కూడా ఉడుకుతోంది. బయట సన్నటి తొలకరి వాన. కుండలోని వాసన వానగాలిలో కలిసి కాలేజీ అంతా పాకింది. చప్రాసీలు ఒక్కొక్కరే కొట్టం దగ్గరికి వచ్చి, మమ్మల్ని ఎన్నడూ లేని గౌరవంతో చూడసాగారు. ఎందుకో మాకు అర్థం కాలేదు.

అప్పుడొచ్చింది అబ్కారీ జీపు. ఇన్స్పెక్టరు తలుపు తోసుకుని లోపలికి వచ్చి మమ్మల్ని, కుండను, గొట్టాన్ని చూసి నిలబడిపోయాడు. దొంగసారా పట్టుకోవడం ఆయనకు రోజూ ఉండే పనే. కాని కాలేజీలో, చీరకొంగు నడుముకు చుట్టుకున్న లెక్చరరమ్మ చేతుల మీదుగా అది దిగడం ఆయనా చూసి ఉండడు. వెంట వచ్చిన జమేదారు సీసాలో వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాడు. కళ్ళు మూశాడు, తెరిచాడు. "మొదటి ధార సాబ్! ఇంత మంచి మాల్ అడివిల సుత దొర్కదు!"

మేడమ్ సీసా లాక్కుని వాసన చూశారు. ఆమె మొహంలో రక్తం లేకుండా పోయింది. "అరే," అన్నారు మెల్లగా. "గిది సారానే." కొట్టంలో మేమంతా కొయ్యబారిపోయాం. నాకు బాపు మొహం కళ్ళ ముందు కదిలింది.

"పువ్వు ఎవడు తెచ్చిండు?" అన్నాడు ఇన్స్పెక్టరు. ఎవరూ చెప్పకముందే ఆయన చూపు భీంరావ్ మీద ఆగింది. "ఏ ఊరు నీది? ఉట్నూరు దిక్కా? ఇగ సమఝైంది." ఆ వైపు వాళ్ళంటే కేసు తనంతట తానే తయారవుతుందని ఆయన ధీమా. మేడమ్ భీంరావ్‌కు అడ్డం వచ్చి నిలబడ్డారు.

"తెమ్మన్నది నేను. నానబెట్టింది నేను. మంట వెట్టింది నేను. పిలగాన్ని ఎందుకు అడుగుతరు? నా పేరు రాసుకోండ్రి."

ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు. ఆమే నడిచి వెళ్ళి జీపు ఎక్కారు. వరండాల నిండా కాలేజీ మొత్తం నిలబడి చూస్తోంది. ఆడ లెక్చరరు సారా కేసులో జీపెక్కడం కరీంనగర్ అంతకుముందు చూడలేదు, తర్వాతా చూసి ఉండదు. జీపు కదులుతుండగా ఆమె తల బయట పెట్టి అరిచారు: "రాజేశ్వరీ! పొయ్యి మీద సబ్బు అడుగంటుతది, కలుపు!" నేను ఏడుస్తూ పోయి కలిపాను.

సాయంత్రానికి ప్రిన్సిపాల్ గారే జమానతు ఉండి ఆమెను తీసుకొచ్చారు. మర్నాడు తన గదికి పిలిచారు. సాక్ష్యం కోసం నన్నూ భీంరావ్‌నూ గుమ్మం బయట నిలబెట్టారు. లోపలి మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

"పిలగాడు నాకు తెల్వకుండ చేసిండని ఒక్క ముక్క చెప్పు తల్లీ," ప్రిన్సిపాల్ గారు బతిమాలుతున్నట్టే అన్నారు. "వాన్ని పంపిచ్చేస్త. కొట్టానికి తాళమేస్త. నీ నౌకరీకి ఏం గాదు."

"వాన్ని పంపియ్యకుండ్రి. కొట్టానికి తాళమెయ్యకుండ్రి," అన్నారు మేడమ్. "ఎవలో ఒకలు పోతె పైవాళ్ళు ఊకుంటరు గద సార్? నేను పోత."

"సర్కారు నౌకరీ అమ్మా!" ఆయన గొంతు చీరుకుపోయింది. "పిల్లల సబ్బు కోసం సర్కారు నౌకరీ ఇడుస్తవా?"

కాగితం మీద ఆమె కలం గీకుతున్న చప్పుడు వినిపించింది.

నాకు ఆమె మీద కోపం వచ్చింది. దాచుకోవడం ఎందుకు, మండిపోయాను. ఆ నౌకరీ లాంటిది నాకొకటి రావాలనే కదా మా బాపు రోజూ భూమి లోపలికి దిగుతున్నాడు! అలాంటిదాన్ని ఈమె గుమ్మంలో చెప్పులు విడిచినంత తేలిగ్గా విడిచేసింది. చిన్నమ్మ అయితే బుగ్గలు నొక్కుకుంది. "ఊరంత ఒక తొవ్వ, ఉలిపికట్టెది ఒక తొవ్వ," అంది. ప్రిన్సిపాల్ గారు మాత్రం మాట మీద నిలబడ్డారు. కొట్టం తెరిచే ఉంది, భీంరావ్ క్లాసులోనే ఉన్నాడు. మేడమ్ ఎక్కడికి పోయారో ఎవరికీ తెలియదు. హైదరాబాదు వెళ్ళిపోయి ఉంటారనుకున్నాం.

దసరా సెలవులకు బెల్లంపల్లి వెళ్ళాను. అవ్వతో కలిసి అంగడికి పోతే, మిరపకాయల కుప్పల అవతల నుంచి ఒక గొంతు: "బొగ్గు పోతది, వాసన రాదు! ముట్టుకొని చూడుండ్రి, ముక్కుకు పెట్టుకొని చూడుండ్రి!" నేల మీద గోనెసంచి పరుచుకుని, ముందు సబ్బుబిళ్ళలు పేర్చుకుని మేడమ్ కూర్చున్నారు. ఎండకు మొహం కమిలిపోయింది. అదే చీర, అదే చూపు. లక్సెట్టిపేటలో ఒక గది తీసుకుని వండుతున్నారట. అవ్వ ఒక బిళ్ళ ఎత్తి మూచూసి, "కచ్చూరాలు ఏసినవా అమ్మా? మంచిగున్నది," అంది. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. మేడమ్ గోనెసంచి మీద పక్కకు జరిగారు.

"నన్నేం జూస్తున్నవ్? గిరాకొచ్చింది, కూసో."

కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఈనాటికీ చెప్పలేను. కాలేజీ చదువుతున్న పిల్ల, పుట్టిపెరిగిన ఊరి అంగట్లో నేల మీద. తెలిసినవాళ్ళు ఆగి ఆగి చూస్తున్నారు. అంతలో షిఫ్టు దిగినవాళ్ళు గుంపుగా అటు వచ్చారు. అందులో ఒక నల్లటి మనిషి నా ముందు ఆగిపోయాడు. కళ్ళు తప్ప మొహమంతా బొగ్గే. మేడమ్ ఎరగక, "తీస్కో అన్నా," అని బిళ్ళ చాపారు.

"మా బాపు," అన్నాను.

మేడమ్ గబుక్కున లేచి నిలబడ్డారు. "అన్నా, గీ సబ్బు పుట్టిందే మీ గురించి. మీ బిడ్డ క్లాసుల నిలవడి అడిగింది, మా బాపు బొగ్గు పోయే సబ్బు దొర్కదని." బాపు ఆమెను చూశాడు. నన్ను చూశాడు. ఆమె చేతిలోని బిళ్ళ తీసుకుని వెళ్ళిపోయాడు. చదువు మాన్పిస్తాడనుకున్నాను. ఇంటికి పోయేసరికి ఆయన వాకిట్లో రాతి మీద కూర్చుని ఉన్నాడు, మెడ నుంచి మోకాళ్ళ దాకా తెల్లటి నురుగు. నా వైపు చూడకుండా చెంబు చాచాడు. "నీళ్ళు పొయ్యి, బిడ్డా," అన్నాడు.

తర్వాత నేనూ కెమిస్ట్రీయే చెప్పాను, సర్కారు నౌకరీయే చేశాను. మేడమ్‌లా విడిచిపెట్టే గుండె నాకు లేదు. కాని ఏ కాలేజీకి బదిలీ అయినా మొదటి రోజే ప్రిన్సిపాల్ గదికి పోయి, వెనక ఖాళీ కొట్టం ఏదైనా ఉందా అని అడిగేదాన్ని. చాలామంది పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. కొందరు ఇచ్చారు. మొన్న ఆ అద్దాల మేడలో కింద పడ్డ సబ్బును నేనే వంగి తీశాను. పువ్వు నానబెట్టి పండుగకు పోవద్దని ఆ పిల్లకు చెప్పాను. ఎందుకని అడిగితే, ఇదిగో, ఈ కథంతా చెప్పాను. పిల్ల నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. ఆమె బల్ల ముందు ఎవరో కొనేవాళ్ళు వచ్చి నిలబడ్డారు. "నన్నేం జూస్తున్నవ్? గిరాకొచ్చింది, అటు జూడు," అన్నాను. ఆ గొంతు నాది కాదు. విని నేనే ఉలిక్కిపడ్డాను.